ట్రామెల్‌కి దక్కిన బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం విటేకర్‌కి ఎందుకు దక్కలేదు?

బేస్‌బాల్ బాగా తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్పగలరా? మేం డెట్రాయిట్ దగ్గర ఉంటాం. మా అబ్బాయితో కలిసి ఇక్కడి బేస్‌బాల్ జట్టు టైగర్స్ పాత రికార్డులు చూస్తూ అలన్ ట్రామెల్, లూ విటేకర్ జోడీ దగ్గర ఆగిపోయాను.

ట్రామెల్ షార్ట్‌స్టాప్, విటేకర్ సెకండ్ బేస్ (రెండూ పక్కపక్కనే ఉండే ఫీల్డింగ్ స్థానాలు). ఇద్దరూ 1977లో ఒకే రోజు తొలి మ్యాచ్ ఆడి, 1995 దాకా పక్కపక్కనే ఉన్నారు. విటేకర్ హిట్లు 2,369, ట్రామెల్‌వి 2,365. నాలుగంటే నాలుగే తేడా! బంతిని మైదానం దాటించే హోమ్ రన్లలో విటేకర్ చాలా ముందున్నాడు, 244కి 185.

అయినా ట్రామెల్ 2018లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు (బేస్‌బాల్ గురించి రాసే పాత్రికేయుల ఓట్లతో కాదు, హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీ ద్వారా). విటేకర్‌కి 2001లో ఆ పాత్రికేయుల ఓటింగ్‌లో 2.9 శాతం ఓట్లే వచ్చాయి. 5 శాతం దాటకపోవడంతో మొదటి ఏడాదే పేరు తీసేశారు. 2019లో కమిటీ ముందుకొచ్చినా 16 మందిలో ఆరుగురే ఓటేశారు. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తోంది.

షార్ట్‌స్టాప్ స్థానం ఎక్కువ కష్టమనా? 1984 వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌షిప్ ఫైనల్)లో ట్రామెల్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయినందుకా? లేక ఎడమచేత్తో బంతి విసిరే పిచర్లు ఎదురైనప్పుడు విటేకర్‌ని తరచూ పక్కన కూర్చోబెట్టడం దెబ్బతీసిందా? ఆ రోజుల్లో వాళ్ల ఆట చూసినవాళ్లుంటే దయచేసి చెప్పండి. మా అబ్బాయి రోజూ అడుగుతున్నాడు.