మండల మీటింగులో నిలదీయడమా, ఆఫీసులో కూర్చుని పని చేయించుకోవడమా?

టవర్‌క్లాక్ (చర్చ మొదలుపెట్టినవారు)

మాది అనంతపురం జిల్లాలో ఒక మండలం, పేరు వద్దు. పోయిన ఎండాకాలం మండల సర్వసభ్య సమావేశంలో మా ఎంపీటీసీ లేచి, తాగునీటి ట్యాంకర్ల బిల్లులు ఎందుకు ఆగాయి, ఊళ్లకు రోజుకు ఎన్ని ట్రిప్పులు పోతున్నాయి అని అడిగారు. నీళ్ల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) "ప్రతిపాదనలు పంపాం సార్, బడ్జెట్ రాగానే ఇస్తాం" అన్నాడు. ఎంపీటీసీకి కోపమొచ్చి "నీకు ఆ కుర్చీ ఎందుకు" అని కేకలేసి, కాగితాలు బల్ల మీద కొట్టి బయటికి వచ్చేశారు. ఆ వీడియో ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. సగం మంది మొనగాడు అంటున్నారు. మిగతా సగం "ఏఈ దగ్గరికి పోయి కూర్చుంటే పని అయ్యేది, అరిస్తే ఏమొచ్చింది" అంటున్నారు. నాకైతే అడగడమే సరైనది అనిపిస్తుంది. కానీ ఆ మీటింగు తర్వాత మా ఊరికి ఒక్క ట్రిప్పు కూడా పెరగలేదు. మీరేమంటారు?

గుత్తి కోట

అడిగినాడు కదన్నా, సంతోషించండి. మా ఎంపీటీసీ గెలిచినాక మండలాఫీసు గడప తొక్కింది లేదు.

పాతూరు

నేను ఆ శాఖలోనే పనిచేసి రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నా. ఏఈ చేతిలో డబ్బు ఉండదు. ట్రిప్పులు కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాస్తాడు, పై ఇంజనీరు డీఈ చెక్ చేస్తాడు, బిల్లు సీఎఫ్ఎంఎస్‌లో, అంటే రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో బిల్లులు చెల్లించే వ్యవస్థలో ఎక్కుతుంది. ఆ తర్వాత అది ఎప్పుడు పాస్ అవుతుందో ఏఈకీ తెలియదు, ఎంపీడీఓకీ తెలియదు, ఒక్కోసారి కలెక్టర్‌కూ తెలియదు. డబ్బు వదలాల్సింది పైన ఆర్థిక శాఖ. అది తెలిసి కూడా మీటింగులో అందరికంటే చిన్న ఉద్యోగిని పట్టుకుని అరవడం నిలదీయడం కాదు.

నన్నూ ఒక మీటింగులో ఇలాగే నిలబెట్టారు. బోరు ఎండిపోతే నా తప్పన్నట్టు, మా ఆఫీసు అటెండర్ల ముందర నానా మాటలు అన్నారు. అన్నాయనే సాయంత్రం ఫోన్ చేసి "ఏం అనుకోవద్దు సార్, జనం చూస్తున్నారు కదా" అన్నాడు. ఆ రోజు నుంచి ఈ మీటింగుల మీద నాకు గౌరవం పోయింది. పని కావాలంటే రాసి ఇవ్వండి, ఆఫీసుకు రండి, జిల్లాలో పెద్ద ఇంజనీరు ఎస్‌ఈ దగ్గరికి కలిసి పోదాం. నేను అలా ఎన్నో పనులు చేయించాను.

పెన్నా ఒడ్డు

పాతూరు సార్, మీకు జరిగినదానికి బాధగానే ఉంది. కానీ మీరు చెప్పే దారిలో పెద్ద లోపం ఉంది. ఆఫీసులో కూర్చుని మాట్లాడుకున్నది ఎక్కడ రాసి ఉంటుంది? నేను ఒక టర్మ్ ఎంపీటీసీగా చేశాను. చాంబర్‌లో "చేసేద్దాం అన్నా" అన్నవాళ్లు నెల తిరిగేసరికి బదిలీ అయిపోయారు. కొత్తాయన వచ్చి "నాకు ఎవరూ చెప్పలేదే" అన్నాడు. మీటింగులో అడిగితే కనీసం మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో ఉంటుంది. వచ్చే మీటింగులో "పోయినసారి ఇలా చెప్పారు, ఏం చేశారు" అని అడగొచ్చు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మండల పరిషత్ ఒక సభ. ఆఫీసర్లు పిలిచి పెట్టుకున్న రివ్యూ మీటింగు కాదు.

నా సొంత అనుభవం చెబుతా. పైపులైను పని మీద మూడు అంశాలు విడివిడిగా అడిగాను: ఎస్టిమేట్ ఎంత, ఎంత చెల్లించారు, ఎక్కడిదాకా వేశారు. తర్వాతి మీటింగుకు మినిట్స్ వస్తే అందులో ఉన్నది ఒకే వాక్యం: "సభ్యులు తాగునీటి సమస్యను ప్రస్తావించగా, తగు చర్యలు తీసుకుంటామని అధికారులు తెలిపారు." అంకె లేదు, ఊరి పేరు లేదు, నా పేరు లేదు. నేను సంతకం పెట్టనని కూర్చున్నా. అప్పుడు గానీ తిరిగి రాయలేదు. నేనూ ఆ రోజు గొంతు పెంచాను. పెంచకపోతే ఆ వాక్యమే మిగిలేది.

పాతూరు

గొంతు పెంచడం వేరు, "నీకు" అనడం వేరు. ఆ ఏఈ వయసు ఎంతో తెలుసా? ప్రభుత్వ ఉద్యోగిని నిండు సభలో ఏకవచనంలో పిలవడం ఏ చట్టంలో ఉంది?

పెన్నా ఒడ్డు

సార్, ఊళ్లో ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని రాత్రి రెండు గంటలకు ట్యాంకరు కోసం కాచుకుంటున్నారు. మీరు "నీకు" దగ్గర ఆగిపోయారు.

పాతూరు

ఆగుతాను. గౌరవం ఇవ్వని చోట ఎవరూ నిజం చెప్పరు. ప్రతి ఆఫీసరూ "ప్రతిపాదనలు పంపాం" అనే మాట వెనక దాక్కునేది అందుకే.

బుక్కరాయసముద్రం

ఆయన "నీకు" అనలేదు. వీడియోలో "మీకు ఆ కుర్చీ ఎందుకు" అనే వినపడుతోంది. ఇయర్‌ఫోన్ పెట్టి వినండి.

గుత్తి కోట

"నీకు" అనే ఉంది. పక్కనే ఉన్నాయన ఆపబోయాడు కూడా.

కేసీ కాలువ

కర్నూలు నుంచి. మీరంతా "నీకు", "మీకు" దగ్గర కొట్టుకుంటున్నారు. పాతూరు గారు చెప్పినట్టు డబ్బు పైన ఉంటే, ప్రశ్న కూడా పైనే పడాలి. పైన ప్రశ్నించే కుర్చీ మన సీమకు లేకనా? 2014 నుంచి 2024 దాకా సర్కారు ఖర్చుల లెక్కలు చూసే అసెంబ్లీ ప్రజా పద్దుల సంఘం చైర్మన్లు మనవాళ్లే: మొదట భూమా నాగిరెడ్డి, తర్వాత బుగ్గన రాజేంద్రనాథ్, ఆ తర్వాత పయ్యావుల కేశవ్. అందులో బుగ్గన 2019లో, పయ్యావుల 2024లో ఆర్థిక మంత్రులయ్యారు. 2021 జూలైలో పయ్యావుల రూ.41 వేల కోట్ల చెల్లింపులకు సరైన లెక్కలు లేవని గవర్నర్‌కు ఫిర్యాదు చేస్తే, ఆర్థిక మంత్రి హోదాలో దాన్ని కొట్టిపారేసింది బుగ్గన. అడిగినాయనది ఉరవకొండ, జవాబు చెప్పినాయనది డోన్. ఇంత దగ్గరి మనుషులు ఉండి కూడా మన ఊళ్ల బిల్లులు ఎందుకు ఆగుతున్నాయో ఆలోచించండి.

అసెంబ్లీలో నక్షత్రం గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి సభలోనే జవాబివ్వాలి, అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. ఎంపీ లోక్‌సభలో ఇంటింటికీ కుళాయి నీళ్ల కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ మీద ప్రశ్న వేస్తే ఆ జవాబు నెట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. మీ మండల మినిట్స్ ఎక్కడ దొరుకుతాయి?

పెన్నా ఒడ్డు

అసెంబ్లీ జవాబులు నేనూ చదివాను. (అ) అవునండీ. (ఆ) లేదండీ. (ఇ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. మా ఊరి ట్యాంకరు అందులో ఎక్కడా కనిపించదు. ఊరి లెక్క ఊరి దగ్గరే అడగాలి.

దేవుని కడప

అసెంబ్లీకి పోయి అడిగేవాళ్లు ఎవరు? 2017 నవంబర్ నుంచి వైసీపీ సభ మానేసింది. 2021 నవంబర్‌లో చంద్రబాబు మళ్లీ సీఎంగానే వస్తానని బయటికి వచ్చేశారు. 2024 తర్వాత ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని మళ్లీ వైసీపీ పోవడం లేదు. మాది పులివెందుల పక్క ఊరు. మా ప్రశ్న సభలో వినపడక ఎంత కాలమైందో మాకు తెలుసు.

బుక్కరాయసముద్రం

హోదా ఇవ్వకపోతే మైకు ఎంతసేపు ఇస్తారు? అది కూడా చెప్పండి.

దేవుని కడప

రెండు నిమిషాలు ఇచ్చినా ఒక ఊరి పేరు చెప్పొచ్చు. మన అనంతపురం కమ్యూనిస్టు నేత తరిమెల నాగిరెడ్డి 1969లో రాజీనామా చేసినప్పుడు కూడా సభలో నిలబడి, ఎందుకు వదిలేస్తున్నాడో చెప్పి మరీ వదిలేశాడు.

నిర్వాహకుడు

పార్టీల మీద ఇంతటితో ఆపండి. విషయం మండల మీటింగు.

వేరుశనగ చేను

నేను కళ్యాణదుర్గం వైపు ఒక పంచాయతీలో వార్డు మెంబరుగా చేశాను. ఇంతసేపూ ఎవరూ అనని మాట ఒకటుంది. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. ఆ సగం మందిలో మీటింగులో మైకు పట్టుకునేవాళ్లు ఎందరు? మా మండలంలో ఎంపీటీసీ అక్కకు ఎజెండా కాగితం నేరుగా చేతికి వచ్చిందే లేదు. కార్యదర్శి ఫోన్ చేసేది ఆమె భర్తకు. పాతూరు సార్, మీరు "ఆఫీసుకు రండి, కూర్చుని మాట్లాడదాం" అంటున్నారే, ఆ కుర్చీ ఎవరికి వేస్తారు? ఆయనకే. ఆమె సభ్యురాలిగా నోరు తెరిచే హక్కు ఉన్నది ఒక్క మీటింగులోనే, ఎందుకంటే అక్కడ భర్తను కూర్చోనివ్వరు. మీ పద్ధతిలో పోతే ఆమెకు ఆ ఒక్క చోటు కూడా పోతుంది.

ఇంకొకటి. ఆ ఎంపీటీసీ రోజుకు ఎన్ని ట్రిప్పులు అని అడిగినప్పుడు ఏఈని ట్రిప్ షీట్లు తెమ్మని ఎందుకు అనలేదు? నేను మా పంచాయతీలో ఒకసారి అవి చూశాను. నెల మొత్తం ఒకే పెన్ను, ఒకే చేతిరాత. వానొచ్చి దారి తెగిపోయిన రోజు కూడా పొద్దున ఆరు గంటలకు ట్యాంకరు వచ్చినట్టే ఉంది. కింద కార్యదర్శి సంతకాలు వరసగా, ఒక్కసారిగా కూర్చుని పెట్టినట్టు. కేక వేయడానికి వీడియో చాలు. దొంగ లెక్క బయటపడాలంటే ఆ షీటు కావాలి.

టవర్‌క్లాక్

అక్కా, ఇది నాకు తట్టలేదు. మా ఎంపీటీసీ బిల్లుల మాటే మూడుసార్లు అన్నారు, ట్రిప్పుల మాట ఒక్కసారే.

పాతూరు

ఇప్పుడు అసలు దగ్గరికి వచ్చారు. ఇంతసేపూ వద్దనుకున్నా, ఇక చెబుతా. ఆ మండలం ఏదో నాకు తెలుసు. ఆ ట్యాంకర్లు ఎవరివో కూడా తెలుసు. ఆ ఎంపీటీసీ దగ్గరి బంధువులవి. ఆయన అడిగింది మీ ఊరి నీళ్ల గురించి కాదు, తన ఇంటి బిల్లు గురించి. దానికి మీరంతా ఇక్కడ ప్రజాస్వామ్యం అని పేరు పెడుతున్నారు. ఆ ఏఈ బిల్లు ఆపడానికి కారణం ట్రిప్పులు సరిపోకపోవడం అయ్యుండొచ్చు కదా? నిండు సభలో తిట్లు తిన్నది లెక్క సరిగా చూసినందుకేమో!

పెన్నా ఒడ్డు

సార్, ఇది చాలా తప్పు. పేరు చెప్పకుండా, కాగితం చూపించకుండా ఒక మనిషి మీద ఇంత మాట అంటారా? "నీకు" అన్నందుకే అంత బాధపడ్డారే, ఇప్పుడు మీరు చేస్తున్నది ఏమిటి?

సరే, బంధువులవే అనుకుందాం. ఆ బంధువు డీజిల్ పోసి, డ్రైవర్‌కు కూలి ఇచ్చి, నెలల తరబడి అప్పు మీద ఊరికి నీళ్లు తోలాడు. బిల్లు రాకపోతే రేపు బండి ఆపేస్తాడు. బిల్లు అడగడం నీళ్లు అడగడం కాదా? మా వైపు ఎండాకాలం ట్యాంకరు ఎవరు పెట్టగలరు? నాలుగు ట్రాక్టర్లు, సొంత బోరు ఉన్నవాడే. ఎన్నికల్లో నిలబడేదీ వాడే, గెలిచేదీ వాడే. పనిలో వాటా లేనివాడే ప్రశ్న వేయాలంటే మా మండలంలో ఎవరూ నోరెత్తరు. మీరు కోరేది అదే అనిపిస్తోంది. ఎవరూ అడగకూడదు, ఆఫీసర్లు చెప్పిందే వినాలి.

పాతూరు

నేను కోరేది ఒక్కటే. డబ్బు తీసుకునేవాడు, డబ్బు లెక్క అడిగేవాడు ఒకడే కాకూడదు. ప్రభుత్వ కాంట్రాక్టులో వాటా ఉంటే పోటీకే అనర్హుడని మీరు చెప్పిన పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. పేరు బావమరిది మీద పెడితే చట్టానికి దొరకడు, అంతే. సర్వీసంతా నేను చూసింది ఇదే. పని గురించి అడిగినట్టు అడుగుతారు, ఆ తర్వాత బిల్లు మీద సంతకం పెట్టమంటారు. పెట్టకపోతే వచ్చే మీటింగులో మళ్లీ మన పేరే. నాకు మీటింగుల మీద గౌరవం పోయింది అరుపుల వల్ల కాదు, దీని వల్ల.

ఇంకో మాట. ఎంపీటీసీలు, జడ్పీటీసీలు ఓటేస్తేనే స్థానిక సంస్థల ఎమ్మెల్సీ గెలుస్తాడు. బిల్లులు నిజంగా పైన ఆగి ఉంటే, ఆ ఎమ్మెల్సీతో మండలిలో ప్రశ్న వేయించొచ్చు. ఎవరైనా వేయించారా? లేదు. ఎందుకంటే పైవాళ్లను అడిగే ధైర్యం లేదు, ఏఈ మీద అరిచే ధైర్యం ఉంది.

పెన్నా ఒడ్డు

ఎమ్మెల్సీ మాట ఒప్పుకుంటా, అది అడగాల్సింది. మిగతాది ఒప్పుకోను. పదిహేనో ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే అని నిబంధన. అలా వచ్చిన డబ్బును కరెంటు బకాయిల కింద పట్టుకున్నారని సర్పంచులు రోడ్డెక్కినప్పుడు, వాళ్లనూ "కాంట్రాక్టర్లు" అనే తీసిపారేశారు. అడిగేవాడి చరిత్ర తవ్వడం మొదలుపెడితే ప్రశ్నకు జవాబు చెప్పే పని ఎప్పటికీ రాదు. ప్రశ్న ఎవడు వేసినా దానికి జవాబు ఉండాలి.

వేరుశనగ చేను

మీరిద్దరూ చెప్పేది నేను విన్నాను. నాకు ఇద్దరి మాటా సగమే సరిపోతోంది. ఎవరు వేసినా ప్రశ్నకు జవాబు రావాల్సిందే, పెన్నా అన్న మాట నిజం. కానీ ఆ ట్యాంకర్లు తన వాళ్లవని ఆయన సభలో లేచి చెప్పి ఉంటే, పక్కన కూర్చున్న మాలాంటి మెంబర్లం ట్రిప్పుల లెక్క మేము అడిగేవాళ్లం. చెప్పకుండా అడిగినందుకు బిల్లుల మాట పైకొచ్చి, ట్రిప్పుల మాట మరుగున పడింది. రాత్రి రెండు గంటలకు బిందె పట్టుకుని కూర్చున్నది ఆయన ఇంటి ఆడవాళ్లు కాదు.

కేసీ కాలువ

అక్క చెప్పినదానికి ఒక దారి ఉంది. సమాచార హక్కు దరఖాస్తు వేయండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. 30 రోజుల్లో ఇవ్వాలి. సభల మినిట్స్ జనానికి అందుబాటులో ఉన్నాయో లేదో చెప్పాలని ఆ చట్టం నాలుగో సెక్షన్‌లోనే ఉంది. వాటినీ అడగండి.

టవర్‌క్లాక్

ఈ వారం వేస్తాను. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ట్రిప్ షీట్లు, ఎం-బుక్ నకలు, ఆ మీటింగు మినిట్స్. పాతూరు సార్, ఇంకేమైనా అడగాలా?

పాతూరు

సీఎఫ్ఎంఎస్‌లో ఎక్కిన ప్రతి బిల్లు నంబరు, తేదీ అడగండి. బిల్లు ఏఈ దగ్గర ఆగిందా, పైన ఆగిందా అందులోనే తేలిపోతుంది. షీట్ల మీద సంతకం ఎవరిదో కూడా చూడండి.

పెన్నా ఒడ్డు

అడగండి. కానీ ఆయన బంధువుల బండ్లవి మాత్రమే కాదు, మండలంలో తిరిగిన అన్ని ట్యాంకర్లవీ అడగండి.

పాతూరు

అన్నీ అడగండి, నాకేం అభ్యంతరం లేదు. ఆయనవి మాత్రం ముందు చదవండి.

పెన్నా ఒడ్డు

ఎందుకు ముందు?