క్రీ (కెనడా ఆదివాసుల భాష) పాటకి ట్యూన్ ఎక్కడ దొరుకుతుంది? ఎల్లుండే సమాధి ఆరాధన, అర్జెంట్

జేమ్స్‌బే నర్స్:
నాలుగు గంటలుగా కీబోర్డు ముందు కూర్చున్నా, తల పగిలిపోతోంది. ఇక్కడి ఆంగ్లికన్ గుడి పాటల పుస్తకం నిండా క్రీ లిపిలో మాటలే, ఒక్క స్వరం లేదు. ఇంగ్లిషు పాటల పుస్తకం కామన్ ప్రెయిజ్‌లో అదే నంబరు తీస్తే వేరే పాట వచ్చింది. రోజూ వాయించే ఆవిడ ఊళ్లో లేరు. ఎవరైనా ట్యూన్ చెప్పండి ప్లీజ్.

పాత హార్మోనియం:
ఏ పుస్తకం? ఏ పాట?

లిపి పిచ్చోడు:
ఆ క్రీ అక్షరాలు గమనించారా? 1840లో కెనడాలోని నార్వే హౌస్‌లో జేమ్స్ ఎవాన్స్ అనే మిషనరీ తయారుచేశారు. మన గుణింతం లాంటిదే, కాకపోతే కొమ్ములూ ఏత్వాలూ తగిలించరు, అక్షరాన్నే తిప్పేస్తారు. మొన కిందికుంటే పే, పైకుంటే పి, కుడికి పో, ఎడమకి ప. ఎంత తెలివి!

డోర్నకల్ అబ్బాయి:
ఎవాన్స్ మెథడిస్టు అండీ. ఈవిడ అడిగింది ఆంగ్లికన్ గుడి సంగతి. జేమ్స్ బే వైపు పాటలూ ప్రార్థనలూ క్రీలోకి తెచ్చింది ఆంగ్లికన్ మిషనరీ జాన్ హోర్డెన్. 1851లో మూస్ ఫ్యాక్టరీ అనే ఊరికి వచ్చారు, 1872లో మూసొనీ డయోసిస్‌కి మొదటి బిషప్పు అయ్యారు.

లిపి పిచ్చోడు:
లిపికి కూడా డినామినేషనా?

డోర్నకల్ అబ్బాయి:
లిపిలోనూ తేడాలున్నాయి. 'వ' చుక్క పడమటి వాళ్లు అక్షరం తర్వాత పెడతారు, తూర్పు వాళ్లు ముందు పెడతారు.

గుంటూరు పిన్ని:
మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట పైన రాగం, తాళం వేస్తారు కదమ్మా. అందులోనూ పైన ఏమైనా ఉందేమో చూడు.

జేమ్స్‌బే నర్స్:
సి.ఎం. అని ఉంది పిన్నీ, ముఖ్యమంత్రి అయితే కాదుగా! పక్కన 8.6.8.6. అదేదో వాక్యం రిఫరెన్సు అనుకుని వదిలేశా.

పాత హార్మోనియం:
ముందే చెప్పాల్సింది అదే. కామన్ మీటర్. నాలుగు పాదాల్లో వరసగా ఎనిమిది, ఆరు, మళ్లీ ఎనిమిది, ఆరు అక్షరాలు. సెయింట్ ఆన్ అనే ట్యూన్ సరిపోతుంది. అమేజింగ్ గ్రేస్ పాడే ట్యూనూ సరిపోతుంది.

లిపి పిచ్చోడు:
అక్షరాలు కాదండీ, సిలబుల్స్. పైన చిన్నగా రాసే పొల్లు లెక్కలోకి రాదు.

డోర్నకల్ అబ్బాయి:
పొల్లు లెక్కపెట్టకపోతే అక్షరం అన్నా ఒకటేగా.

లిపి పిచ్చోడు:
ఒకటి కాదు. ఛందస్సు చదివిన వాళ్లని అడగండి.

గుంటూరు పిన్ని:
మీరిద్దరూ ఆగండి నాయనా. అమ్మాయ్, లెక్క కుదిరినంత మాత్రాన జనం నోటికి రాదు. అక్కడి పెద్దవాళ్లకి ఆ పాట ఒక ట్యూన్‌లో అలవాటై ఉంటుంది. ఒకావిడని పాడమని ఫోన్‌లో రికార్డ్ చేసుకో. సాగదీసి పాడితే నువ్వూ ఆగు, తొందరపెట్టకు.

జేమ్స్‌బే నర్స్:
చనిపోయినాయన చెల్లెలు పాడి వినిపించారు. సెయింట్ ఆన్ కాదు. ఎక్కడో విన్న ట్యూనే, పేరు గుర్తురావట్లేదు. ప్రతి పాదం చివర ఆవిడ ఊపిరి తీసుకునేదాకా వేలు ఎత్తకుండా పట్టుకుంటున్నా. డ్యూటీకి టైమైంది, థ్యాంక్స్ అందరికీ.

లిపి పిచ్చోడు:
ఆ పేజీ ఫోటో ఒకటి పెట్టి వెళ్లండి, చుక్క ఎటుందో చూడాలి.