చెస్ట్‌నట్లు కావు, నిప్పులు

1939లో స్టాలిన్ అన్నట్టు చెప్పుకునే 'ఇతరుల కోసం నిప్పులోంచి చెస్ట్‌నట్లు (కాల్చుకు తినే ఒక విదేశీ గింజ) తీయడం' అన్న మాటని తెలుగులో ఎలా పెట్టాలని మొన్న ఒక మాస్టారు అడిగారు. నాకు ముందు జీడిపిక్కలే తోచాయి. నిప్పుల్లో జీడిపిక్కలు కాల్చినవాళ్ళకి తెలుసు, పెంకులోంచి జీడి చిమ్మి చేతికి అంటితే తోలు ఊడి వస్తుంది. చెస్ట్‌నట్ అంటే ఎరగని పాఠకుడికి కూడా ఆ బాధ అర్థమవుతుంది.

కానీ రష్యన్ మూలం చూస్తే అందులో అసలు గింజే లేదు. 'జగ్రెబాత్ ఝార్ చుఝీమి రుకామి' అని ఉంది. ఝార్ అంటే వేడి, కణకణలాడే నిప్పులు అని కూడా. పరాయి చేతులతో నిప్పులు గోకి లాక్కోవడం, అంతే. కోతి పిల్లి చేత నిప్పుల్లోని గింజలు తీయించి తాను తిన్న కథ పడమటి దేశాల్లో అందరికీ తెలుసు కనుక ఇంగ్లీషులోకి వచ్చేసరికి చెస్ట్‌నట్లు చేరాయి. ఇంగ్లీషు మీదుగా మన దాకా వచ్చాయి.

మార్చి 10న, సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పద్దెనిమిదో మహాసభలో స్టాలిన్ అన్న మాట అది. అంతకు ఆరు నెలల ముందు మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇటలీ కూర్చుని చెకోస్లొవేకియా సరిహద్దు ప్రాంతాన్ని హిట్లర్‌కి ఇచ్చేశాయి. 1935 నుంచి చెక్‌లతో ఒప్పందం ఉన్న సోవియట్ యూనియన్‌కి పిలుపే లేదు. అదే ప్రసంగంలో జర్మనీ, ఇటలీ, జపాన్‌లను దురాక్రమణ దేశాలని పేరు పెట్టి అన్నాడు. అయితే వాటితో పోరాడే పని మా నెత్తిన రుద్ది మీరు చలి కాచుకుంటామంటే కుదరదని బ్రిటన్, ఫ్రాన్స్‌లకి చెప్పడం కూడా అందులో ఉంది.

అందుకే 'ఒకరి భుజం మీద తుపాకీ పెట్టి కాల్చడం' ఇక్కడ నాకు నప్పలేదు. అక్కడ భుజం కాలదు, ఇక్కడ చెయ్యి కాలుతుంది. పటకారు ఉండగా చెయ్యి కాల్చుకోవడమెందుకు అంటాం కదా, ఆ పటకారు మనిషైతే ఎలా ఉంటుందో అదీ ఈ మాట. నా అనువాదం: "పరుల చేతుల్ని పటకారుగా వాడి నిప్పులు లాగడం అలవాటైన యుద్ధ ప్రేరేపకులు మన దేశాన్ని తగాదాల్లోకి ఈడ్వకుండా చూసుకోవాలి."

— బావుందండీ, అన్నారు మాస్టారు. కానీ ఆగస్టులో హిట్లర్‌తో నిర్యుద్ధ సంధి చేసుకున్నది ఆయనే కదా! ఆ సంగతి దాచి సామెతని మెచ్చుకుంటే సగం మాటే అవుతుంది.

దాచను సార్. మే 3న సోవియట్ విదేశాంగ మంత్రి లిత్వినోవ్‌ని తీసి ఆ పదవిలో మోలొతోవ్‌ని పెట్టారు. బ్రిటన్, ఫ్రాన్స్‌లతో మాస్కోలో సైనిక చర్చలు సాగుతుండగానే ఆగస్టు 23న జర్మనీ విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ వచ్చి సంధి మీద సంతకం పెట్టాడు. ఆ రాత్రి విందులో మోలొతోవ్ గ్లాసెత్తి, స్టాలిన్ మార్చి ప్రసంగాన్ని జర్మనీ సరిగ్గా అర్థం చేసుకుందనీ, సంబంధాలు మలుపు తిరిగింది దానితోనేననీ అన్నట్టు జర్మన్ల రికార్డుల్లోనే ఉంది. అంటే ఆ మాట లండన్‌కి ఒకలా, బెర్లిన్‌కి ఇంకోలా వినపడింది. అనువాదంలో రెండూ వినపడాలి. మూలంలో పేర్లు లేని ఆ వాక్యంలో మనం 'బ్రిటన్' అని చేర్చకూడదనేది అందుకే.

ఇక మీరన్న 'నిర్యుద్ధ సంధి' దగ్గరే నాకు గట్టి పేచీ ఉంది. మన పాఠ్యపుస్తకాల్లోనూ అదే మాట. రష్యన్‌లో 'నెనపదేనియె', అంటే ఒకరి మీద ఒకరు దాడి చేయకపోవడం. యుద్ధం లేకపోవడం కాదు. సంతకమైన తొమ్మిదో రోజున, సెప్టెంబరు 1న, జర్మనీ పోలండ్ మీద పడింది. 17న తూర్పు నుంచి సోవియట్ ఎర్రసైన్యం వెళ్ళింది. ఆ సంధికి జోడించి, తూర్పు యూరప్‌ని పంచుకున్న రహస్య పత్రం ఉందని మాస్కో 1989 దాకా ఒప్పుకోలేదు. ఇంత యుద్ధాన్ని కడుపులో పెట్టుకున్న కాగితాన్ని పిల్లల చేత 'నిర్యుద్ధం' అని చదివించడం నాకు మింగుడు పడదు. 'పరస్పరం దాడి చేయరాదన్న ఒప్పందం' అంటే పొడుగే, కానీ అందులో ఉన్నది అంతే. ఇంతకన్నా పొట్టి మాట ఎవరికైనా తోస్తే రాయండి.