గ్రాంటు బడ్జెట్‌లో కోర్-గంటల ఖర్చు ఏ పద్దులో చూపాలి?

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ కదలికను మోడల్ చేయడానికి 3 ఏళ్ల ప్రతిపాదన రాస్తున్నాం, అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు. సైన్సు భాగం అయిపోయింది. బడ్జెట్ దగ్గరే పీటముడి.

లెక్క ఇదీ. ఒక ప్రాసెసర్ కోర్ ఒక గంట పనిచేస్తే ఒక కోర్-గంట. మోడల్‌ను ఒకసారి నడిపితే, అంటే ఒక్కో రన్‌కు, 48 కోర్లు, 72 గంటలు, అంటే 3,456 కోర్-గంటలు. 60 రన్లకు 2,07,360. మధ్యలో ఆగిపోయే రన్లకు, మళ్లీ చేసే కాలిబ్రేషన్‌కు (మోడల్‌ను కొలతలతో సరిపోల్చి సరిచేయడం) 30 శాతం కలిపితే దాదాపు 2.7 లక్షలు. రన్‌కు 40 జీబీ చొప్పున 2.4 టీబీ డేటా. బ్యాకప్‌తో కలిపి దానికి రెండింతల డిస్కు.

రెండు దారులున్నాయి. మొదటిది, సొంత సర్వర్ కొనడం. కొంటే రన్లు ఒకదాని వెనక ఒకటి నడిచి 180 రోజులు పడతాయి, తిరిగి చేసేవి కాక. 2 కిలోవాట్ల వేడి తీయడానికి ఏసీ రాత్రింబవళ్లు నడవాలి. యూపీఎస్ సర్వర్‌కు మాత్రమే ఇచ్చి ఏసీని వదిలేస్తే, మే నెలలో కరెంటు పోయిన కాసేపటికే గది కాగిపోయి సర్వర్ దానంతటదే ఆగిపోతుంది. ఏసీ, వైరింగ్ ఖర్చు గ్రాంటులో పెట్టనిస్తారా, లేక సంస్థే భరించాలా?

రెండోది, నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద వచ్చిన ఐఐటీ హైదరాబాద్ పరమ్ సేవ లాంటి సూపర్‌కంప్యూటర్‌లో కోర్-గంటలు కొనడం. మాకు ఇదే నయమనిపిస్తోంది. కానీ ఆ ఖర్చు కన్స్యూమబుల్స్ (వాడి అయిపోయే సామగ్రి) పద్దులో చూపాలా, కంటింజెన్సీ (చిల్లర, అనుకోని ఖర్చులు) పద్దులోనా? ముందుగా డబ్బు కట్టి మార్చి 31 నాటికి వాడని గంటలు మిగిలితే, గ్రాంటు డబ్బు దేనికి వాడామో చూపే 12-ఏ ఫారం యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో ఖర్చయినట్టు రాయొచ్చా, అడ్వాన్సుగా చూపాలా? ఆడిట్ దాటినవాళ్లు చెప్పండి.