లారీ ఇసుకా, సముద్రపు ఇసుకా? సంతకం పెట్టాలా వద్దా చెప్పండి

ఒడ్డున_ఇల్లు:
అందరికీ నమస్తే. మేం ఫ్లోరిడాలో బ్రోవార్డ్ కౌంటీలో ఉంటాం. సముద్రానికి రెండు వీధుల ఇవతల కాండో, అంటే అపార్ట్‌మెంట్. పోయిన తుఫానుల సీజన్‌లో మా బీచ్ ఎంత కోసుకుపోయిందంటే, దిగే మెట్లలో ఆఖరి మెట్టు గాల్లో తేలుతోంది. అక్కడి నుంచి ఇసుకలోకి దూకాలి. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడు మెట్ల మీదే కూర్చుని సముద్రం చూసి వెనక్కి వచ్చేసింది.

ఇప్పుడు మా కాండో సంఘం వాళ్లు ఒక వినతిపత్రం తిప్పుతున్నారు. లోపలి గనుల నుంచి లారీల్లో ఇసుక తేవద్దు, ఎదురుగా సముద్రం అడుగున ఉన్నదే డ్రెడ్జర్‌తో తోడి పోయండి, పర్యావరణ సమీక్ష పేరుతో ఏళ్లు సాగదీయకండి అని అందులో ఉంది. నాకు సబబుగానే అనిపించింది. ఒక లారీకి 15 ఘనగజాలు పడుతుందనుకుందాం. 3 లక్షల ఘనగజాలు కావాలంటే 20 వేల ట్రిప్పులు. అన్నీ మా వీధిలోంచే వెళ్లాలి. పిల్లలు స్కూలు బస్సు ఎక్కేది అక్కడే. ఆ డీజిల్ పొగ పర్యావరణం కాదా? అయినా పెన్ను తీసేసరికి ఎందుకో చెయ్యి ఆగింది. మీరేమంటారు?

నీటికింద:
పెట్టకండి. నేను అక్కడే డైవింగ్ చేస్తూ పగడాల మీద చదువుకున్నదాన్ని.

మీ ఎదుట సముద్రం అడుగు ఇసుక మైదానం కాదు. ఒడ్డుకి సమాంతరంగా మూడు వరసల్లో పగడపు దిబ్బలున్నాయి, మన పొలం గట్లలాగా. ఇసుక ఉండేది ఆ గట్ల మధ్య పల్లాల్లో. అంటే మీ సంఘం వాళ్లు "ఎదురుగానే ఉంది కదా" అంటున్న ఇసుకకి రెండు పక్కలా పగడాలే.

పగడం మీద మట్టి పలచగా పడితే జిగురు వదిలి తోసేసుకుంటుంది. రోజూ పడుతుంటే దాని ఓపిక అయిపోతుంది. పైగా నీళ్లు మడ్డిగా ఉంటే ఎండ దిగదు, దాని ఒంట్లో ఉండి తిండి వండిపెట్టే నాచుకి పని ఆగిపోతుంది. మయామీ పోర్టు లోతు పెంచినప్పుడు, అంటే 2013 నవంబర్ నుంచి 2015 మార్చి దాకా, ఇదే జరిగింది. ముందు చేసిన సమీక్షలో పక్కనున్న దిబ్బలకి పెద్ద నష్టం ఉండదనే రాశారు. తర్వాత 2019లో వచ్చిన పరిశోధన పత్రం అంచనా ప్రకారం, ఓడలు వెళ్లే దారికి, అంటే ఛానెల్‌కి, అర కిలోమీటరు లోపలే 5 లక్షలకు పైగా పగడాలు చనిపోయాయి. కేసు వేస్తే 2018లో రాజీ అయింది, 10 వేల పగడాలు నాటాలని. పోయినవెన్ని, నాటేవెన్ని?

లెక్కల_మావయ్య:
అమ్మాయ్, పనసకాయ తొనల్నీ తాటికాయ ముంజెల్నీ ఒకే తక్కెడలో వేస్తున్నావు. మయామీలో చేసింది బీచ్ పని కాదు. పనామా కాలువ వెడల్పు చేస్తున్నారు, పెద్ద ఓడలు వస్తాయి అని ఛానెల్‌ని 50 అడుగులకి దింపారు. అక్కడ కోసింది రాయి. రాయిని నూరితే పిండి లేస్తుంది. బీచ్ కోసం తోడేది ఇసుక. ఫ్లోరిడా నిబంధన ప్రకారం అందులో ఒండ్రు, బంకమన్ను 5 శాతం లోపే ఉండాలి.

రెండో మాట. సరిగ్గా ఆ 2014లోనే, అదే మయామీ దగ్గర, గట్టి పగడాల కణజాలం ఊడిపోయే జబ్బు మొదటిసారి బయటపడింది. అది ఆ తర్వాత కరీబియన్ అంతా పాకింది. అక్కడెక్కడా డ్రెడ్జర్ లేదే? మూడోది, 2023 వేసవి. మనటీ బే దగ్గర తేలే యంత్రం నీటి వేడి 38 డిగ్రీలు దాటినట్టు చూపించింది. అది సముద్రమా, స్నానానికి పెట్టిన కాగా? జింక కొమ్ము పగడం, దుప్పి కొమ్ము పగడం ఇక ఫ్లోరిడాలో ఉన్నా లేనట్టే అని శాస్త్రవేత్తలే తేల్చారు. ఎలాగూ పోయేదాని కోసం ఉన్న ఇళ్లని సముద్రానికి వదిలేయమంటే నేనొప్పుకోను. బాబూ, సంతకం పెట్టెయ్.

చిట్టిగవ్వ:
అసలు సముద్రానికి రెండు వీధుల దూరంలో ఇల్లెందుకు కొన్నారండీ :)

ఒడ్డున_ఇల్లు:
చిట్టిగవ్వ గారూ, అద్దెకున్నాం లెండి. కొనే స్తోమత ఉంటే కొండ మీద కొనేవాణ్ణి, కాకపోతే ఫ్లోరిడాలో కొండ లేదు.

పాత_డ్రెడ్జర్:
ముప్పై ఏళ్లు డ్రెడ్జర్ల మీద పనిచేసి ఇప్పుడు విశాఖలో మనవళ్లతో ఉన్నాను. ఇద్దరూ సగం సగం కరెక్టే. అసలు మడ్డి ఎక్కడ పుడుతుందో చెబుతాను, దాన్నిబట్టి మిగతాది మీరే అర్థం చేసుకోండి.

హాపర్ డ్రెడ్జర్ అంటే పొట్ట ఖాళీగా ఉన్న ఓడ. పక్క నుంచి లావుపాటి పైపు కిందికి దింపి, వాక్యూమ్ క్లీనర్‌లాగా అడుగంతా ఈడ్చుకుంటూ పోతుంది. పైకి వచ్చేది ఉత్త ఇసుక కాదు, ఎక్కువ భాగం నీళ్లే. పొట్టలో ఇసుక కిందికి దిగుతుంది, పైనున్న మడ్డి నీళ్లు పొంగి మళ్లీ సముద్రంలోకే పోతాయి. ఆ పొంగుని ఓవర్‌ఫ్లో అంటాం. బియ్యం కడిగిన నీళ్లు చూశారుగా, అదే. గింజ గిన్నెలో ఉంటుంది, తెల్లటి కడుగు బయటికి పోతుంది. మావయ్యగారు చెప్పిన 5 శాతం చిన్న లెక్క కాదు. వంద టన్నులు తోడితే 5 టన్నుల దాకా కడుగు. లక్షల టన్నులు తోడితే ఎంతో లెక్కల మావయ్యగారికి నేను చెప్పక్కర్లేదు. పైగా అక్కడి ఇసుకలో గవ్వల ముక్కలు, సున్నపు రేణువులు ఎక్కువ. పైపులో, పంపులో ఒరుసుకుంటూ కొత్త పిండి పుట్టిస్తాయి. మన గోదావరి ఇసుకలాంటి గట్టి గింజ కాదది.

ఓవర్‌ఫ్లో ఆపేయొచ్చు. అప్పుడు ఓడ సగం నీళ్లే మోసుకెళ్తుంది, ట్రిప్పులు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది. అందుకని ఎవరూ తమంతట తాము ఆపరు. కాంట్రాక్టులో ఘనపు మీటరుకి ఇంత అని రాసుంటుంది, పగడానికి ఇంత అని రాసుండదు. రాత్రి రెండింటికి షిఫ్టులో ఉన్నవాడు ఏం చేస్తాడో నేను ఊహించి చెప్పక్కర్లేదు, నేనే ఆ షిఫ్టులో ఉన్నాను.

కొలతలోనూ ఒక మెలిక ఉంది. ఫ్లోరిడాలో ఏళ్ల తరబడి వాడిన నియమం ఏమిటంటే, సహజంగా ఉన్న మడ్డి కంటే 29 యూనిట్లు మించకూడదు. మామూలుగా అది కొలిచేది పనిచేసే చోటికి 150 మీటర్ల దూరంలో. అది నీళ్లెంత మసకగా ఉన్నాయో చెబుతుందే గానీ, అడుగున పగడం మీద ఎంత మందాన పేరుకుందో చెప్పదు. నీళ్లు తేటపడ్డాయంటే మట్టి పోయిందని కాదు, కిందికి దిగిందని.

నీటికింద:
మాస్టారూ, ఆ ఆఖరి వాక్యం నేను క్లాసులో చెప్పుకుంటాను.

మావయ్య గారూ, జబ్బు నిజం, వేడి నిజం, కాదనను. కానీ ఆ 2019 పత్రంలో జరిగిన నష్టాన్ని దూరంతో పోల్చి చూశారు. ఛానెల్‌కి దగ్గరగా పోయేకొద్దీ చావులు పెరిగాయి. జబ్బు ఒక్కటే కారణమైతే దానికి ఛానెల్ దగ్గరో దూరమో తెలియదు కదా? ఇంట్లో జ్వరం వచ్చిన మనిషున్నాడని తలుపులు మూసి పొగ పెడితే, పోయాక డాక్టరు జ్వరమని రాస్తే సరిపోతుందా?

"ఎలాగూ పోయేవే" అన్నారు. పోగా మిగిలినవే ఇప్పుడు విలువైనవి. 2023 వేడికి తట్టుకుని నిలబడ్డ పగడం నుంచే రేపటి నారు కట్టాలి.

జాలారి_కుర్రాడు:
ఫ్లోరిడా సంగతి నాకు తెలీదు గానీ ఇసుక పోసే సంగతి మాకు తెలిసినంత ఎవరికీ తెలీదు. మాది విశాఖ పెదజాలారిపేట.

మా కాడ ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తాది. డెబ్బైల్లో ఔటర్ హార్బర్ గోడలు కట్టాక ఆ నడక ఆగిపోయింది. గోడకి అవతల ఇసుక మేట, ఇవతల ఆర్కే బీచ్ కోత. అందుకే పోర్టోళ్లు ఆ మేటలోంచి డ్రెడ్జర్‌తో తోడి కోస్టల్ బ్యాటరీ కాడ పోయిస్తుంటారు. ఇంద్రధనస్సులా గాల్లోకి చిమ్మితే జనం వీడియోలు తీస్తారు. కొన్ని నెలలకి మళ్లీ కొట్టుకుపోద్ది. హుద్‌హుద్ 2014లో వచ్చినప్పుడైతే రోడ్డే కుంగిపోయింది.

మాకు పగడాల తోటలు లేవు గానీ నీళ్లలో రాళ్లున్నాయి, చేపలు గుమికూడేది వాటి కాడే. ఇసుక ఎక్కడ పోస్తారు, ఎప్పుడు పోస్తారు, రాళ్లు పూడిపోతాయా అని మమ్మల్ని ఎవరూ అడగరు. ఏటా తీసేది నిర్వహణ పూడిక కింద జమ. మొదటి అనుమతిలో ఉంటే మళ్లీ సమీక్ష అక్కర్లేదు. ఒడ్డు వాలు మారితే అలివి వల లాగడం ఎంత కష్టమో ఆ కాయితాల్లో ఎక్కడా కనపడదు. అన్నా, మీకు అడగడానికి ఒక సమీక్ష ఉంది, మాట చెప్పడానికి ఒక గడువుంది. దాన్నే తీసెయ్యమని సంతకం పెడతానంటావేంటి?

పాత_డ్రెడ్జర్:
బాబూ, నువ్వు చెప్పిన మేటలో నేనూ తోడాను. నీ మాట నాకు గట్టిగానే తగిలింది.

ఒక్క విషయం గమనించారా? బ్రోవార్డ్‌లో ఇసుక నడిచేది ఉత్తరం నుంచి దక్షిణానికి. అక్కడా అడ్డం పోర్టే, పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్. దిక్కు మారింది, రోగం అదే. అందుకని గోడకి పైవైపు ఆగిన ఇసుకని కిందివైపుకి దాటించే ఏర్పాటు ముందు అడగాలి. కొత్త సంగతేమీ కాదు, ఫ్లోరిడాలోనే సౌత్ లేక్ వర్త్ ఇన్‌లెట్ అనే సముద్రపు పాయ దగ్గర 1937లోనే పంపు పెట్టి దాటించారు. ఆ ఇసుక ఆ ఒడ్డుదే, రంగూ గింజా కలుస్తాయి, దిబ్బల మధ్యకి పోనక్కర్లేదు. ఎవర్‌గ్లేడ్స్ దగ్గర కూడా అలాంటి పథకం ఉంది.

లెక్కల_మావయ్య:
ఇది నాకు నచ్చింది. కానీ దాటించే ఇసుక పోర్టుకి దక్షిణాన ఉన్నవాళ్లకే. ఉత్తరాన ఉన్న బీచ్‌లకి? బాబూ, మీ ఇల్లు ఎటువైపు?

ఒడ్డున_ఇల్లు:
ఉత్తరం వైపే. నా అదృష్టం అలాంటిది.

లెక్కల_మావయ్య:
అయితే లారీయో డ్రెడ్జరో తప్పదు. ఆ లారీల సంగతీ తేలిగ్గా తీసుకోకండి. మన దగ్గర ఇసుక ర్యాంపుల పక్క ఊళ్లని అడిగితే చెబుతారు, రోడ్లేమయ్యాయో. గని కూడా ఎవరో ఒకరి ఊరి పక్కనే ఉంటుంది. నీటి కింద జరిగే నష్టం కనపడదు, లోపలి ఊళ్లో జరిగేదీ బీచ్ మీదికి కనపడదు.

నీటికింద:
ఒప్పుకుంటాను. అయినా మయామీ-డేడ్ కౌంటీ వాళ్లు సముద్రపు ఇసుక అయిపోయాక గని ఇసుకకే మళ్లారు, బ్రోవార్డ్ కూడా దిబ్బలకి భయపడి ఒక విడత లారీలతోనే నడిపించింది. చేయలేని పనేం కాదు.

లారీ ఇసుకకీ సమీక్ష కావాలి, అది మర్చిపోకండి. గింజ ముతకగా ఉంటే, రంగు ముదురుగా ఉంటే తాబేళ్లకి ఇబ్బంది. గుడ్డులో ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. మీ వైపు మార్చి 1 నుంచి అక్టోబర్ 31 దాకా గుడ్ల కాలం, అందుకే పని చలికాలంలో పెట్టుకుంటారు. ఏళ్లు సాగుతోంది అని మీ సంఘం వాళ్లు విసుక్కునేదాంట్లో కొంత ఈ కాలెండర్ వల్లే.

ఆ సమీక్షల్లోనూ రెండు రకాలున్నాయి. చిన్నది చేసి "చెప్పుకోదగ్గ ప్రభావం లేదు" అని ముగించేయొచ్చు, పెద్దది చేసి ప్రత్యామ్నాయాలన్నీ పక్కపక్కన పెట్టొచ్చు. పోర్ట్ ఎవర్‌గ్లేడ్స్ లోతు పెంచే ప్రాజెక్టు మీద 2016లో కేసు పడ్డాక, మయామీ అనుభవంతో మళ్లీ లెక్క చూడాల్సి వచ్చింది. ఒకసారి కాలాక వచ్చిన జాగ్రత్త అది. మీ వినతిపత్రం దాన్నే ఆలస్యం అంటోంది.

పాత_డ్రెడ్జర్:
చిన్నదైనా పెద్దదైనా నేనడిగేది ఒకటే. పని ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది? డైవర్ కిందికి దిగి పగడం మీద మట్టి మందం కొలిచి, ఎక్కువుందని పైకొచ్చి చెబితే, ఆ గంటలోనే పంపు ఆగాలి. రిపోర్టు వారానికోసారి మెయిల్‌లో పోయి, కాంట్రాక్టర్ పెట్టుకున్న మనుషులే కొలిచి, వాళ్లే సంతకం పెడితే, వెయ్యి పేజీల సమీక్ష కూడా ఓడ మీద టీ కప్పు కింద పెట్టుకోవడానికే. మయామీలో సమీక్ష లేక కాదు, తప్పు కనపడ్డాక ఆపేవాళ్లు లేక.

లెక్కల_మావయ్య:
డ్రెడ్జర్ మాస్టారూ, ఆ షరతు పెడితే సముద్రపు ఇసుకకి మీరు ఒప్పుకున్నట్టేనా?

పాత_డ్రెడ్జర్:
దిబ్బకి చాలినంత దూరం, ఓవర్‌ఫ్లో లేకుండా, ఆపే మనిషి కాంట్రాక్టర్ జీతగాడు కాకుండా ఉంటే ఒప్పుకుంటాను. అప్పుడు ధర ఎంత పలుకుతుందో చూశాక మీ సంఘమే లారీలు నయం అంటుందేమో.

నీటికింద:
నేను అప్పుడూ ఒప్పుకోను. కానీ మీతో గొడవ తగ్గింది.

ఒడ్డున_ఇల్లు:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. కాగితం మీద సంతకం చోట ఖాళీ వదిలేసి, పని ఆపే అధికారం ఎవరిది, మట్టి మందం ఎవరు కొలుస్తారు, ఓవర్‌ఫ్లో సంగతేంటి అని వెనక పేజీలో మూడు ప్రశ్నలు రాసి ఇద్దామనుకున్నాను. పొద్దున చూస్తే కాగితం లేదు. సంఘం వాళ్లొచ్చి పట్టుకెళ్లారట. నా తరఫున కూడా మా ఆవిడే పెట్టేసింది. ఏంటే అంటే, "మీ చర్చ అయ్యేలోపు అత్తయ్య మళ్లీ వస్తారు, ఆ మెట్టు మీదే కూర్చోబెడతారా?" అంది.

జాలారి_కుర్రాడు:
వదినది కూడా పాయింటే అన్నా. అయినా మూడు ప్రశ్నలూ విడిగా పంపు. గడువు ఇంకా ఉందిగా?

ఒడ్డున_ఇల్లు:
ఉంది. ఇప్పుడే టైప్ చేస్తున్నాను.