బాబిలోనియన్లు ఆకాశంలో చూసింది శకునాలనా, శాస్త్రాన్నా?

ఇసుకగడియారం:
బాబిలోనియన్లు మనకు ఖగోళశాస్త్రం ఇచ్చారన్న మాట తరచూ వింటున్నాను, కానీ దానితో ఏకీభవించలేకపోతున్నాను. వారు ఆకాశాన్ని చూసింది రాజుకు రాబోయే కీడును ముందుగా తెలుసుకోవడానికే. గ్రహణం పడితే ఏ దేశానికి అరిష్టం, శుక్రుడు ఫలానా నెలలో కనిపిస్తే పంట ఎలా ఉంటుంది వంటి ఫలితాలను దాదాపు 70 పలకల్లో కూర్చిన ‘ఎనూమా అను ఎన్లిల్’ అనే శకున సంపుటమే అందుకు సాక్ష్యం. ఒక గ్రహం అలా ఎందుకు కదులుతుందని వారు అడగలేదు, నిరూపణ ఇవ్వలేదు, రేఖాగణితాన్ని ఆకాశానికి అన్వయించలేదు. ఆ పని గ్రీకులు చేశారు కాబట్టి శాస్త్రం వారితోనే మొదలైందని నా వాదన. కాదనేవారు దయచేసి ఆధారాలతో చెప్పండి.

చుక్కలదారి:
ఇసుకగడియారం గారూ, శకునాల కోసమే పరిశీలన మొదలైందన్న మీ మాటను పూర్తిగా అంగీకరిస్తున్నాను. అయితే ఒక పని ఏ ప్రయోజనం కోసం మొదలైందన్నది వేరు, ఏ పద్ధతిలో సాగిందన్నది వేరు. మన పంచాంగాన్నే తీసుకోండి. ముహూర్తం కోసం, రాశిఫలాల కోసం దానిని కొనేవారే ఎక్కువ. అయినా తిథి ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ముగుస్తుందో చెప్పే గణితం ఆ నమ్మకాల మీద ఆధారపడి లేదు, ఆ గణితం తప్పితే గ్రహణం రోజున అందరికీ తెలిసిపోతుంది. బాబిలోన్‌లో జరిగిందీ అదే.

అక్కడి లేఖకులు రాసిన ఖగోళ దినచర్యల్లో మనకు మిగిలినవి క్రీ.పూ. 652 నుంచి క్రీ.పూ. 61 వరకు, అంటే దాదాపు 600 ఏళ్ల కాలానికి చెందినవి. చంద్రుడు ఏ నక్షత్రానికి ఎంత దూరంలో ఉన్నాడు, ఏ గ్రహం ఎప్పుడు ఉదయించింది అన్న వివరాలతో పాటు బార్లీ, ఖర్జూరం, నువ్వులు, ఉన్ని ధరలనూ యూఫ్రటీస్ నీటిమట్టాన్నీ వాటిలో నమోదు చేశారు. క్రీ.పూ. 323లో అలెగ్జాండర్ బాబిలోన్‌లో మరణించిన రోజున రాజు మరణించాడని రాసి, ఆ వెంటనే ఆకాశం మబ్బు పట్టిందని రాశారు. పాలకులు అస్సీరియన్లయినా, పారసీకులయినా, గ్రీకులయినా ఈ రాత ఆగలేదు. తాను చూడబోని ఫలితం కోసం తరం వెంట తరం ఇలా రాసుకుంటూ పోయిన మరో సంప్రదాయం ప్రాచీన ప్రపంచంలో నాకు కనిపించదు. వారి వారసత్వంలో అన్నిటికన్నా గొప్పది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ రాతల నుంచే లెక్కలు పుట్టాయి. 223 చాంద్రమాసాలకు, అంటే సుమారు 18 ఏళ్ల 11 రోజులకు, గ్రహణాలు అదే వరుసలో తిరిగి వస్తాయని వారు గుర్తించారు. 19 ఏళ్లకు 7 అధికమాసాలు కలిపితే చంద్రుడి నెలలూ సూర్యుడి ఏడాదీ కలుస్తాయని తెలుసుకుని, క్యాలెండరును ఆ సూత్రం మీద నిలబెట్టారు. చాంద్రమాసపు సగటు నిడివిని అరవై ఆధారంగా ఉన్న తమ సంఖ్యామానంలో 29; 31, 50, 8, 20 రోజులుగా (29 తరువాతివి వరుసగా అరవయ్యో వంతులు, వాటిలో అరవయ్యో వంతులు) లెక్కించారు. దశాంశాల్లో అది సుమారు 29.530594 రోజులు, నేటి విలువతో తేడా అర సెకనుకు మించదు. గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్ వాడిందీ, క్రీ.శ. రెండవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టోలమీ స్వీకరించిందీ, యూదుల క్యాలెండరులో నేటికీ నిలిచి ఉన్నదీ ఆ విలువే. టోలమీ తన చంద్రగణితానికి ఆధారంగా తీసుకున్న గ్రహణాల్లో అన్నిటికన్నా పాతది క్రీ.పూ. 721 మార్చిలో బాబిలోన్‌లో చూసినది. అది నమోదై ఉండకపోతే ఆయన ఎనిమిది శతాబ్దాల వెనక్కి వెళ్లి తన లెక్కను సరిచూసుకునే వీలే ఉండేది కాదు.

మట్టిపలక:
చుక్కలదారి గారి వాదనకు నా మద్దతు ఉంది, కానీ బాబిలోనియన్లకు చెందని ఘనతను వారికి అంటగట్టవద్దని మనవి. రోజును 24 భాగాలు చేసింది ఈజిప్షియన్లు. వేలాడే తోటల గురించి ఒక్క బాబిలోనియన్ పలక కూడా చెప్పదు. చట్టాలకు పేరుపడ్డ బాబిలోన్ రాజు హమ్మురాబి కంటే సుమారు మూడు శతాబ్దాల ముందే సుమేరియన్ రాజు ఊర్‌నమ్ము పేరిట చట్టాలు వెలువడ్డాయి. ఖాళీ స్థానాన్ని సూచించే గుర్తును చివరి శతాబ్దాల్లో వాడినా, సున్నాను సంఖ్యగా భావించి దానితో కూడికలు, తీసివేతలు చేసే నియమాలను క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు చెప్పాడు. ప్లింప్టన్ 322 అనే పలకను త్రికోణమితి పట్టిక అనడం కూడా వివాదాస్పదమే. విద్యార్థులకు లెక్కలు తయారుచేయడానికి ఉపాధ్యాయుడు రాసుకున్న జాబితా అన్న వివరణ నాకు సబబుగా తోస్తుంది.

మరోవైపు, రాశిచక్రాన్ని 30 డిగ్రీల చొప్పున 12 సమభాగాలు చేసింది నిస్సందేహంగా వారే. మేషం మొదలుకొని మీనం వరకు ఆ విభజన గ్రీకుల ద్వారా మన జ్యోతిషంలోకి వచ్చింది.

ఇసుకగడియారం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పరిశీలనల విలువనూ, గ్రీకుల రుణాన్నీ ఒప్పుకుంటున్నాను; శకునాలు తప్ప మరేమీ లేదన్న నా మొదటి మాట తొందరపాటే. అయినా వారిది చివరికి అంకెల వరుసల్లో క్రమాన్ని పట్టుకునే విద్యే. రేఖాగణితం ఆకాశం దాకా వెళ్లలేదన్న మాట మీద మాత్రం నిలబడుతున్నాను.

చుక్కలదారి:
గోళాలతో, వృత్తాలతో విశ్వానికి నమూనా కట్టింది గ్రీకులే. దానిని నేను కాదనను. కానీ మీరు నిలబడిన ఆ మాటకు 2016లో గట్టి దెబ్బ తగిలింది. క్రీ.పూ. 350కీ 50కీ మధ్య రాసిన కొన్ని పలకలను చదివిన మాథ్యూ ఓసెన్‌డ్రైవర్ అనే పరిశోధకుడు, వాటిలో గురుగ్రహ గమనాన్ని సమలంబ చతుర్భుజ వైశాల్యంగా లెక్కించారని చూపాడు. గురుడు తొలిసారి కనిపించిన రోజున వేగం రోజుకు 12 కళలు (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), 60 రోజుల తరువాత తొమ్మిదిన్నర కళలు. ఈ రెంటి సగటును 60తో గుణిస్తే 10 డిగ్రీల 45 కళలు వస్తుంది, గ్రహం ఆ 60 రోజుల్లో సాగిన దూరం అదే. ఆ చతుర్భుజం పొలంలోనో గోడ మీదో ఉండేది కాదు, దాని ఒక వైపు కాలం, మరో వైపు వేగం. ఐరోపాలో ఇటువంటి ఆలోచన మళ్లీ కనిపించేది 14వ శతాబ్దపు ఆక్స్‌ఫర్డ్‌లోనే.