కలవని గీతలన్నీ సమాంతరాలు కావా?

నల్లకుంట కుర్రాడు:
అన్నలూ, నిన్న స్లిప్ టెస్టులో ఒక మార్కు పోయింది. "ఎంత పొడిగించినా కలవని రెండు సరళరేఖలు సమాంతరాలు", తప్పా ఒప్పా? చిన్నప్పట్నుంచి చదివింది అదే కదా అని ఒప్పు రాశా, సార్ ఎర్ర ఇంకుతో కొట్టేసి పక్కన "అంతరాళంలో?" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అంతరాళంలో, అంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఉన్న చోట అయితే ఏం మారుతుంది?

మెట్రో పాసింజర్:
అమీర్‌పేట స్టేషన్ చూశావా తమ్ముడూ? హైదరాబాద్ మెట్రో మ్యాపులో రెడ్ లైనూ బ్లూ లైనూ అక్కడ కోసుకుంటాయి. నిజంగా ఆ పట్టాలు ఎక్కడైనా కలిశాయా? మియాపూర్ నుంచి వచ్చి రాయదుర్గం బండి ఎక్కాలంటే జనంలో తోసుకుంటూ అంతస్తు మారాల్సిందే. ఒకదాని మీదుగా ఇంకోటి, వేరే దిక్కుకి. కలవవు, అలాగని సమాంతరాలూ కావు. వీటినే స్క్యూ లైన్స్ అంటారు. నీ రూలు ఒకే తలంలో, అంటే కాగితంలా చదునుగా అన్ని వైపులా పరుచుకుపోయే ఒకే పరపులో ఉన్న గీతలకే.

నల్లకుంట కుర్రాడు:
ఓహో. మరి మూడు సమాంతర రేఖలుంటే మూడూ ఒకే తలంలో ఉన్నట్టేనా?

లెక్కల టీచరమ్మ:
అక్కర్లేదు బాబూ. చార్మినార్ తీసుకో, ఒక్కో మినార్ మధ్యలోంచి నిట్టనిలువుగా ఒక గీత ఊహించుకో. నాలుగూ సమాంతరాలే. ఏ రెండింటి గుండానైనా తలం ఒకటి పోతుంది, ఒక్కటే పోతుంది, మూడోది మాత్రం అందులో ఇమడదు. జతలు ఆరు కాబట్టి తలాలు ఆరు, చుట్టూ నాలుగు, ఎదురు మూలల్ని కలుపుతూ రెండు. చుట్టూ ఉన్నవాటిలో ఎదురెదురువి ఎన్నటికీ కలవవు. మూలల మీదుగా పోయే రెండూ మాత్రం కట్టడం నడిమధ్యలో కోసుకుంటాయి, అదీ ఒక బిందువు దగ్గర కాదు, నిలువుగా ఒక గీత పొడవునా. మా పిల్లలు ఏటా ఇక్కడే బిందువు అని రాస్తారు.

ఇరానీ చాయ్:
మేడం, మా గల్లీ హోటల్లో నాలుగు కాళ్ల టేబుల్ ఊగి సాసర్లోకి చాయ్ ఒలుకుతుంది, మూడు కాళ్ల స్టూల్ గతుకుల బండ మీద కూడా కదలదు. ఇదీ ఈ లెక్కేనా?

లెక్కల టీచరమ్మ:
ఇదే. ఒకే గీత మీద లేని మూడు బిందువుల గుండా తలం ఒక్కటే. నాలుగో కాలి కొన అందులోనే పడాలని ఏముంది? మీరు అట్టముక్క మడిచి కింద పెట్టేది దాన్ని ఆ తలంలోకి తేవడానికే.

నల్లకుంట కుర్రాడు:
రేపు సార్‌కి అమీర్‌పేట సంగతి చెప్తే ఆ మార్కు కలుపుతారంటారా?

మెట్రో పాసింజర్:
కలపరు.